మా అమ్మ బైబిల్‌కి కుట్టు బైండింగ్: విజయవాడ ఏలూరు రోడ్డు సందులో ఒక పాత షాపు

ముందు పని సంగతి చెప్పేస్తాను, చాలామందికి కావాల్సింది అదే కాబట్టి. 1981లో మా అమ్మ పెళ్లికి వాళ్ల మేనమామ కొనిచ్చిన తెలుగు బైబిల్, వీపు ఊడిపోయి, ఆదికాండం మొదటి ఆకులూ ప్రకటన గ్రంథం చివరి ఆకులూ విడిగా వచ్చేస్తే రబ్బరు బ్యాండు వేసి దాచుకుంటున్న పుస్తకం, దానికి విజయవాడలో కుట్టు బైండింగ్ చేయించాను. 850 రూపాయలు తీసుకున్నారు. 12 రోజులన్నారు, 19 రోజులు పట్టింది. ఇప్పుడు బల్ల మీద పెట్టి ఏ పేజీ తెరిస్తే ఆ పేజీ పరుచుకుని ఉంటుంది, చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు. మీ ఇంట్లో పాత బైబిలో, భాగవతమో, తాతగారి నిఘంటువో ముక్కలవుతుంటే పారేయకుండా ఇక్కడికి తీసుకెళ్లండి.

షాపు పేరు రాయను. రాయనా అని అడిగితే "వద్దమ్మా, ఉన్న పనే తెమలట్లేదు" అన్నారు బైండింగ్ చేసే పెద్దాయన. ఏలూరు రోడ్డు నుంచి గవర్నర్‌పేటలోకి తిరిగే సందుల్లో ఒకదాంట్లో, కింద పెళ్లి కార్డుల ప్రెస్సు, పక్కన ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు. మెట్ల మీదే మైదా జిగురు వాసన కొడుతుంది, దాన్ని పట్టుకుని ఎక్కేయండి. బండి సందులో పెట్టకండి, ప్రెస్సు సరుకు ఆటోలు వస్తుంటాయి. నేను గుంటూరు నుంచి బస్సులో వెళ్లాను, బస్టాండు నుంచి ఆటో.

గుంటూరులో బైండింగ్ చేసేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. కానీ 1998లో ఇదే బైబిల్ని ఒకచోట ఇస్తే, అంచులు సమంగా రావాలని కటింగ్ మిషన్‌లో పెట్టి మూడు వైపులా కోసేశారు. అమ్మకి పేజీ పక్కన ఖాళీలో పెన్సిల్‌తో రాసుకునే అలవాటు. ఒక వాక్యం పట్టుకుని దేనికోసమైనా ప్రార్థన మొదలుపెడితే దాని పక్కన తేదీ వేస్తుంది, అది జరిగింది అనుకున్న రోజు కింద ఇంకో తేదీ వేసి "జవాబు" అని రాస్తుంది. ఆ కోతలో కుడిచేతి పేజీలన్నిట్లో చివరి అక్షరం ఎగిరిపోయింది. ఇప్పుడు ఆ పుస్తకంలో చాలాచోట్ల "జవా" అని ఉంటుంది. అమ్మ ఆ రోజు ఏడవలేదు గానీ రాత్రి అన్నం తినలేదు, అప్పటికి నాకు 12 ఏళ్లు, బాగా గుర్తు. అందుకే ఈసారి పుస్తకం సంచిలోంచి తీస్తూనే "కోయకండి బాబాయ్ గారూ" అన్నాను. ఆయన పేజీలు ఒకసారి బొటనవేలితో జారవిడిచి చూసి, "బైబిల్‌కి కటింగ్ పెట్టకూడదమ్మా, పక్కన రాసుకుంటారు కదా" అన్నారు. ఆ ఒక్క మాటకే ఇచ్చేశాను, రేటు తర్వాత అడిగాను.

ఇంకో సంగతి చెప్పకపోతే ఇది సగం రాసినట్టే అవుతుంది. ఆ బైబిల్ తీసుకెళ్లిన నేను దేవుణ్ణి నమ్మడం మానేసి ఆరేళ్లు దాటింది.

మాది గుంటూరు లూథరన్ కుటుంబం. 1842లో అమెరికా మిషనరీ హయ్యర్ దొర వచ్చి మొదలుపెట్టిన సంఘం, మా ముత్తాతల దగ్గర్నుంచీ అందులోనే ఉన్నాం. అమ్మ పుట్టింది కుగ్లర్ ఆసుపత్రిలో, నాన్న చదివింది ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీలో. రాత్రి కుటుంబ ప్రార్థన అయితేగానీ కంచాలు పెట్టేవాళ్లు కాదు. మట్టల ఆదివారం చేతిలో ఈత మట్ట, గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ధ్యానం, క్రిస్మస్‌కి డాబా మీద నక్షత్రం. నాకు ఇవన్నీ ఇష్టం. ఇప్పటికీ ఇష్టమే, అది దాచను. క్వైర్‌లో పాడాను, సండే స్కూల్లో చిన్నపిల్లలకి చెప్పాను. నేను సరదాకి పోయి సరదాకి మానేసిన మనిషిని కానని చెప్పడానికి ఇదంతా రాస్తున్నా, ఎందుకంటే మానేశానని తెలిసిన ప్రతివాళ్లూ మొదట అనుకునేది "అసలెప్పుడూ నిజంగా నమ్మి ఉండదు" అని.

షాపులో మొదటి రోజు సంగతికి వస్తాను. ఆయన పుస్తకాన్ని వెంటనే విప్పలేదు. ముందు లోపలున్నవన్నీ తీయాలన్నారు. మన ఇళ్లలో బైబిల్ అంటే పుస్తకం ఒక్కటే కాదుగా, బీరువా కూడా అదే. జ్ఞాపకార్థ కూడికల కార్డులు, ఎండిపోయిన మట్ట ముక్క, నాన్న ఈసీజీ కాగితం, ఎప్పటిదో బస్సు టికెట్టు, నా పదో తరగతి మార్కుల జెరాక్సు. మొత్తం 63 వచ్చాయి. ఒక్కొక్కటీ తీసి, అది ఏ పేజీలో ఉందో ఆ నంబరు దాని వెనక చిన్నగా పెన్సిల్‌తో వేసి, వరసగా ఒక కవర్లో పెట్టారు. అంత అవసరమా అంటే "ఎక్కడివి అక్కడే ఉండాలమ్మా, పెద్దవాళ్లు వెతుక్కుంటారు" అన్నారు. నేను చాలా షాపులకి వెళ్లాను, వేరేవాళ్ల ఇంటి కాగితాన్ని ఇలా పట్టుకున్నవాళ్లని చూడలేదు.

అందులో ఒక వాగ్దానం కార్డు ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, డిసెంబర్ 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్లెంలో కార్డులు పెడతారు, ఒక్కో దాని మీద ఒక్కో వాక్యం, ఎవరికి ఏది వస్తే ఆ ఏడాది దేవుడు వాళ్లకిచ్చిన మాట అదేనని. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని పైకే చదివారు: "నాకు మొఱ్ఱపెట్టుము, నేను నీకు ఉత్తరమిచ్చెదను." బైబిల్లో యిర్మీయా గ్రంథం 33వ అధ్యాయంలో ఉంటుంది. వెనక 2003 అని నా చేతిరాత. "ఇది అమ్మగారిదా?" అన్నారు. నాదండీ అన్నాను. ఆ తర్వాత ఆయన సెక్షన్లు, అంటే కలిపి మడిచిన ఆకుల కట్టలు, లెక్కపెడుతుంటే ఎదురు స్టూలు మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనిషికి, మా ఆయనకి కూడా ఒక్క ఊపులో చెప్పనిదంతా చెప్పేశాను. మీకూ చెబుతాను.

ఆ కార్డు వచ్చినప్పుడు నాకు 17. దాన్ని ఉన్నదున్నట్టు నమ్మాను. మొఱ్ఱపెట్టు, జవాబిస్తాను. ఇందులో అర్థం కానిది ఏముంది? ఆ రోజుల్లోనే కాలేజీ స్నేహితుల వల్ల ఒక యూత్ ఫెలోషిప్‌కి వెళ్లడం మొదలైంది, అక్కడ మా చర్చిలోలా పుస్తకం చూసి చేసే ఆరాధన ఉండదు, ప్రతి శనివారం సాక్ష్యాలు, అంటే దేవుడు తమకేం చేశాడో ఒక్కొక్కరూ లేచి చెప్పడం. "ప్రభువు నాతో మాట్లాడాడు" అన్న మాట అక్కడ "అమ్మ ఫోన్ చేసింది" అన్నంత మామూలుగా అనేవాళ్లు. ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పాడట, ఏ బస్సు ఎక్కొద్దో చెప్పాడట. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను ఆ రోజూ అనుకోలేదు, ఈ రోజూ అనుకోను. నాకెందుకు లేదు అనే ఒక్కటే నా ప్రశ్న.

అడగడంలో లోటు చెయ్యలేదు. ఇంటర్ అయిన వేసవిలో 40 రోజులు తెల్లవారుజామున నాలుగింటికి లేచి డాబా ఎక్కి మోకరించాను. ఇప్పటికీ ఆ 40 రోజుల్లో ఏం వినపడిందో వరసగా చెప్పగలను: పక్కింటి నీళ్ల మోటరు, పాల ప్యాకెట్ల సైకిలు బెల్లు, అయిదింటికి సుప్రభాతం, ఆ కాసేపటికే అజాన్. అందరి పిలుపులూ వినపడేవి, నా పిలుపుకి బదులు మాత్రం లేదు. గొప్ప స్వరం ఏదో ఆకాశంలోంచి రావాలని నేను కోరుకోలేదు, బైబిల్లో ఏలీయా ప్రవక్తకి కూడా గాలిలో భూకంపంలో కాదు, చివర్లో మెల్లని స్వరమే కదా వినిపించింది. ఆ మెల్లనిదే చాలు అనుకున్నాను. మనసులో నాది కాని ఒక చిన్న కదలిక, ఎవరో గదిలో ఉన్నట్టు ఒక్కసారి, అంతే. ఉపవాసాలున్నాను. కాథలిక్ స్నేహితురాలు పిలిస్తే ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకి వెళ్లి, ఆ జనంలో కొండ మెట్లెక్కి, అక్కడా ఇదే అడిగాను. ఇల్లో ఉద్యోగమో అడగలేదు, నువ్వున్నావని నాకు తెలియనివ్వు అన్నాను.

ఒక రిట్రీట్‌లో, ఎక్కడో చెప్పను, రాత్రి పదకొండు దాటాక అందరి మీదా చేతులుంచి ప్రార్థన చేస్తున్నారు. ఒక్కొక్కరూ ఏడుస్తున్నారు, పడిపోతున్నారు, భాషల్లో మాట్లాడుతున్నారు, అంటే ఆత్మ పలికిస్తోందని నమ్మే, ఎవరికీ అర్థంకాని మాటలు. నా తల మీద చెయ్యి పెట్టి ఒకాయన "అందుకో, అందుకో" అని గట్టిగా అంటూనే ఉన్నారు. ఎంతసేపైనా నాకేమీ రాలేదు. చుట్టూ అందరూ ఆగి నాకోసం ప్రార్థించడం మొదలుపెట్టారు. ఆ టెన్షన్ తట్టుకోలేక నోటికొచ్చిన శబ్దాలు చేశాను. అందరూ స్తోత్రం స్తోత్రం అన్నారు. చెయ్యి తీసేశారు. ఆ రాత్రి పడుకుని పైకప్పు చూస్తూ, ఆ శబ్దాలు నావేనని దేవుడికి తెలుసు కదా, ఇప్పుడైనా కోపంగానైనా ఏదో ఒకటి అంటాడేమో అని ఎదురుచూశాను.

అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి ఉంది. మరుసటి నెల సాక్ష్యం చెప్పమంటే లేచి, ప్రభువు నాతో మాట్లాడాడని చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే ఆంటీలు కళ్లు తుడుచుకున్నారు. కొన్ని వారాల తర్వాత తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని ఉండేది, మెట్ల దగ్గర నా చున్నీ కొస పట్టుకుని "అక్కా, మీరు చెప్పింది విన్నప్పటి నుంచి నేను కూడా రోజూ అడుగుతున్నా, నాకు రావట్లేదక్కా, నాలో ఏం పాపముందో తెలియట్లేదు" అంది. నేను ఆ పిల్లకి నిజం చెప్పలేదు. ఇంకొంచెం ప్రార్థించు, నమ్మకం వదలకు అన్నాను. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనిపించే మాట ఏదైనా ఉంటే అది. ఆ రోజు తర్వాత నేను ఎక్కడా సాక్ష్యం చెప్పలేదు.

అయినా ఇంకో పదిహేనేళ్లు ఉన్నాను. ఎందుకు ఉన్నావంటే, ప్రతిసారీ ఒక వివరణ దొరికేది. దేవుడి జవాబులు మూడు రకాలు, ఔను, కాదు, ఆగు అని మా చర్చి అయ్యగారు (పాస్టరు గారు) చెప్పేవారు, చాలా మంచి మనిషి ఆయన, నాకోసం నిజంగా బాధపడ్డారు. ఆ మాట పట్టుకుని చాలాకాలం గడిపాను. తర్వాత ఎప్పుడో ఒక రాత్రి గిన్నెలు తోముతుంటే తట్టింది, అటువైపు ఎవరూ లేకపోయినా సరిగ్గా ఈ మూడే కదా జరుగుతాయి? అడిగింది జరుగుతుంది, జరగదు, లేదా ఇంకా జరగలేదు. ఈ మూడింటినీ చూసి ఉన్నాడో లేడో నేనెలా చెప్పను?

2012లో నాన్నకి బైపాస్ అయింది. సంఘమంతా చైన్ ప్రేయర్ పెట్టారు, గంటకొకళ్లు చొప్పున. ఆపరేషన్ బాగా జరిగింది, నాన్న ఇప్పటికీ పొద్దున్నే బృందావన్ గార్డెన్స్ దాకా నడిచి వస్తాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను నాన్న పోయినందుకో, పెళ్లి చెడినందుకో దేవుడి మీద అలిగాననుకుంటారు. నేను అడిగిన పెద్దవన్నీ దాదాపు జరిగాయి. అమ్మ ఆ రోజు బైబిల్లో "జవాబు" అని రాసుకుంది. నేను ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని నాన్న బతికినందుకు వెక్కి వెక్కి ఏడ్చాను, కృతజ్ఞత చెప్పాలనుకున్నాను, చెప్పాను కూడా, కానీ ఆ చెప్పింది ఎవరికీ చేరినట్టు అనిపించలేదు. 2006లో అమెరికాలో, ప్రార్థన వల్ల రోగులకి మేలు జరుగుతుందా అని చేసిన ఒక అధ్యయనం ఫలితాలొచ్చాయి, 6 ఆసుపత్రుల్లో బైపాస్ చేయించుకున్న 1,802 మంది మీద. తమకోసం ప్రార్థన చేస్తున్నారో లేదో తెలియనివాళ్లలో, ప్రార్థన చేసిన గుంపులో 52 శాతం మందికి ఏదో ఒక కాంప్లికేషన్ వచ్చింది, చేయని గుంపులో 51 శాతం మందికి. చేస్తున్నారని ఖాయంగా తెలిసినవాళ్లలో 59. నాన్న డిశ్చార్జ్ అయ్యాక నేను అది చదివి ఎవరికీ చెప్పలేదు. ఎవరి నోటి దగ్గరి ముద్ద లాక్కోవాలని నాకు లేదు.

మదర్ థెరిసా సంగతి కూడా అయ్యగారే చెప్పారు. ఆవిడ చనిపోయిన పదేళ్లకి, 2007లో, ఆవిడ తన గురువులకి రాసుకున్న ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. కలకత్తాలో ఆ సేవ మొదలుపెట్టిన దగ్గర్నుంచి దాదాపు 50 ఏళ్లు, మధ్యలో కొద్దిరోజులు తప్ప, దేవుడి సన్నిధి తనకి తెలియలేదని రాసుకుంది. "చూశావా, అంతటి ఆవిడకే అలా ఉంటే" అన్నారు. నిజంగా ఆ మాట నన్ను రెండేళ్లు నిలబెట్టింది. తర్వాత అదే మాట ఎదురుతిరిగింది. వీధుల్లో చనిపోయేవాళ్లని ఒళ్లో పెట్టుకున్న మనిషికి 50 ఏళ్లలో ఒక్క మాట లేదంటే, దాన్ని నేను ఓదార్పుగా ఎలా తీసుకోను? ఆవిడ మీద గౌరవం మాత్రం పెరిగింది. ఆవిడ ఆ చీకట్లోనే నమ్ముతూ ఉండిపోయింది, నేను ఉండలేకపోయాను.

నాకు కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చింది తాన్యా లూర్మన్ పరిశోధన. స్టాన్‌ఫర్డ్‌లో మానవశాస్త్రం ప్రొఫెసర్ ఆవిడ, ఇలాంటి ఫెలోషిప్‌లలో ఏళ్ల తరబడి కూర్చుని, మనుషులు దేవుడి స్వరం గుర్తుపట్టడం ఎలా నేర్చుకుంటారో గమనించింది, తర్వాత మన చెన్నైలో విశ్వాసులతో కూడా మాట్లాడింది. ఊహలో, కథలో, పాటలో తేలిగ్గా మునిగిపోయే స్వభావం ఉన్నవాళ్లకి ఆ అనుభవాలు ఎక్కువ వస్తాయనీ, సాధనతో అవి పెరుగుతాయనీ, కొందరికి ఎంత చేసినా రావనీ ఆవిడ చెప్పింది. దేవుడున్నాడా లేడా అన్న జోలికి ఆవిడ పోలేదు. నాకు కావాల్సింది కూడా అది కాదు. ఆ తొమ్మిదో తరగతి పిల్లలోనూ నాలోనూ ఏ దాచుకున్న పాపమూ లేకపోవచ్చు అని ఎవరో ఒకళ్లు అనడం, అంతే.

2019లో మానేశాను. ఒక రాత్రి అలవాటుగా మంచం పక్కన మోకరించి, "ప్రభువా" అని, తర్వాత మాట రాలేదు. నేను నాతోనే మాట్లాడుకుంటున్నాను అని తెలిసిపోయింది. లేచి దీపం ఆర్పి పడుకున్నాను. స్వేచ్ఛ వచ్చినట్టు ఉంటుందని కొందరు అంటారు, నాకు ఇంట్లో మనిషి పోయినట్టు అయింది. అప్పటిదాకా జవాబు రాకపోయినా వినేవాళ్లున్నారన్న ఆశ ఉండేది. ఇప్పుడు బస్సు ఆలస్యమైనా, జ్వరమొచ్చినా, మనసులో ఎవరికి చెప్పుకోవాలో తెలియక కొన్ని నెలలు చాలా ఒంటరిగా తిరిగాను.

ఇదంతా అయ్యేసరికి బాబాయ్ గారు వీపు మీది పాత జిగురంతా తడిపి, గీకి, సెక్షన్లు విడదీసేశారు. ఆయన ఏమీ అనలేదు. ఎందుకలా జరిగిందో చెప్పలేదు, మళ్లీ ప్రయత్నించమనలేదు, మంచిపని చేశావనీ అనలేదు. ఆరేళ్లలో ఈ కథ విని వివరణ ఇవ్వని మొదటి మనిషి. ఒకచోట ఆగి "కీర్తనలు బాగా నలిగిపోయాయమ్మా, టిష్యూ వెయ్యాలి, దానికి వంద ఎక్కువవుతుంది" అన్నారు. వెయ్యండి అన్నాను. ఆ వంద కూడా 850లోనే ఉంది.

పని ఎలా చేశారో రెండో వారం మళ్లీ వెళ్లినప్పుడు చూశాను, అది చెప్పాలి. దారానికి మైనం పట్టించి, చెక్క ఫ్రేముకి బిగించిన నాడాల మీద ఒక్కో సెక్షన్ మధ్యలో సూది దూర్చి, పక్కదానితో ముడివేసుకుంటూ పోతారు. జిగురుతో వీపు అంటించేస్తే గంటలో అయిపోయే పని అది, కానీ వేసవిలో జిగురు ఎండి పగిలి మళ్లీ ఆకులు రాలతాయి. కుట్టు అలా పోదు. చిరిగిన ఆకు మీద వెంట్రుకంత సన్నని టిష్యూ కాగితం, పల్చని జిగురుతో అంటించి, పైన వేలి గోరుతో ఒత్తితే కింద అక్షరాలు అలాగే కనపడుతున్నాయి. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలతుత్తం కలుపుతారు. ఆయన టిష్యూ వేస్తున్న ఆకు 88వ కీర్తన. బైబిల్లో మొఱ్ఱపెట్టే కీర్తనలు చాలా ఉన్నాయి, దాదాపు అన్నీ చివరికి నమ్మకం వైపో స్తుతి వైపో తిరుగుతాయి, ఇది మాత్రం తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. నేను పుట్టి పెరిగిన ఇన్నేళ్లలో దాని మీద ఒక్క ప్రసంగం వినలేదు. అమ్మ దాని పక్కన తేదీ వేసి ఉంది, 1989 జూలైలో ఒక రోజు. ఎడమచేతి పేజీ, పైగా వీపు వైపు రాసింది కాబట్టి కోతకి అందలేదు. తేదీ ఒక్కటే ఉంది. కింద ఇంకేమీ లేదు.

లోపాలు కూడా రాయాలి. వారం రోజులు ఆలస్యం, అడిగితే స్కూలు రిజిస్టర్ల సీజన్ అన్నారు. అట్ట మీద బంగారు అక్షరాలు "పరిశుద్ధ గ్రంథము" కుడివైపుకి కొంచెం జరిగాయి, స్కేలు పెట్టి చూస్తేగానీ తెలియదు గానీ నాకు తెలిసింది. రిబ్బన్ ఒకటే ఇస్తారు, మా అమ్మకి పాత నిబంధనకొకటి కొత్త నిబంధనకొకటి కావాలి, ముందే అడగండి. జిప్ కవరు కుట్టరు, జిప్ పళ్లు అంచుల్ని తినేస్తాయని ఆయన గట్టి అభిప్రాయం, నాకూ సబబే అనిపించింది. మొదటి పది రోజులు వీపు బిగుతుగా ఉంటుంది, బలవంతంగా విరవకండి, ముందు నుంచీ వెనక నుంచీ నాలుగేసి ఆకులు తెరుస్తూ రావాలి. ఫోన్‌పే తీసుకుంటారు.

ఇంటికి తెచ్చాక అమ్మ ముందు చేసిన పని అంచులు చూడటం. బొటనవేలితో మూడు వైపులా తడిమి "కొయ్యలేదు" అంది. తర్వాత కాగితాలు చూసుకుంది, 63 అక్కడివి అక్కడే ఉన్నాయి. యిర్మీయా దగ్గర నా కార్డు తీసి "ఇది నీదే కదే" అంది. నేను చర్చికి ఎందుకు రావట్లేదో అమ్మకి తెలుసు, 2020లో చెప్పాను, ఆ తర్వాత మేమిద్దరం ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు మాత్రం అడిగేశాను.

"అమ్మా, ఇన్నేళ్లలో నీకెప్పుడైనా ఆయన మాట వినపడిందా?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "వినపడటమేంటే? నేను అడుగుతాను, అంతే. మా కాలంలో వినపడాలని ఎవరూ చెప్పలేదు మాకు."

"మరి 88వ కీర్తన దగ్గర తేదీ ఉంది, కింద జవాబు లేదేంటి?"

"రాలేదు."

"ఏమడిగావు?"

"అది నీకెందుకు" అని పేజీ తిప్పేసింది. కోపంగా అనలేదు. 1989లో నాకు మూడేళ్లు. ఆ ఏడాది మా ఇంట్లో ఏం జరిగిందో నాకు తెలియదు, నాన్నని అడగాలనీ లేదు. కానీ 36 ఏళ్లుగా జవాబు రాని ఒక తేదీ పక్కనే, జవాబు వచ్చిందనుకున్న తేదీలన్నీ అంతే జాగ్రత్తగా దాచుకున్న మనిషి మా అమ్మ అని ఆ రోజే చూశాను. నేను నమ్మనిది తను నమ్ముతుంది, అది అలాగే ఉంది, తను నాకోసం ప్రార్థిస్తుందనీ తెలుసు, ఏ వాక్యం పక్కన నా పేరుతో తేదీ ఉందో వెతకలేదు.

కార్డు నాకు తిరిగి ఇవ్వబోయింది. ఉండనీ, నీ దగ్గరే పెట్టుకో అన్నాను. వెనక బాబాయ్ గారు వేసిన పెన్సిల్ నంబరు చూసి, ఆ పేజీలోనే, ఇరవైయేళ్లకి పైగా కార్డు ఉండి కాగితం మీద పడ్డ గోధుమరంగు మచ్చకి సరిగ్గా సరిపోయేలా పెట్టి మూసింది.

మొన్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం కూడా ఇచ్చింది, అట్ట లేదు, చివరి పాటల సూచిక సగం పోయింది. వచ్చే మంగళవారం తీసుకెళ్తున్నాను, ఈసారి రెండు రిబ్బన్లు ముందే చెబుతాను. షాపు ఉదయం పదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఉంటుంది, ఆదివారం ఉండదు.